విండోస్ పక్కన చోటెక్కడ? ఆపరేటింగ్ సిస్టమ్ పోటీ, ఆలస్యంగా చేరే నిఘా

1990ల చివర్లో జపాన్ కంపెనీ హిటాచీ తన ఫ్లోరా ప్రియస్ కంప్యూటర్లలో కొన్నింటిని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లతో అమ్మింది. ఒకటి అందరికీ తెలిసిన విండోస్ 98. రెండోది బీఓఎస్. ఆపిల్‌లో పెద్ద హోదాలో పనిచేసి బయటికొచ్చిన ఝాఁ లూయీ గసే స్థాపించిన బీ అనే చిన్న సంస్థ దాన్ని తయారు చేసింది. వీడియో, సంగీతం లాంటి బరువైన పనులను అది ఎంత తేలిగ్గా లాగేస్తుందో చూసి ఇంజనీర్లు ముచ్చటపడేవారు. కానీ ఆ కంప్యూటర్ కొన్నవాళ్లు మీట నొక్కితే వచ్చేది విండోస్ ఒక్కటే. ఏది కావాలో అడిగే మెనూ లేదు. డెస్క్‌టాప్ మీద చిన్న బొమ్మ కూడా లేదు. డిస్కులో ఓ మూల ఉన్న బీఓఎస్‌ను లేపాలంటే బీ సంస్థ ఇచ్చిన సూచనలు వెతికి పట్టుకుని, ఫ్లాపీ ఒకటి తయారు చేసుకుని, దాంతో యంత్రాన్ని మొదలుపెట్టాలి.

రెండు సిస్టమ్‌లను ఒకే డిస్కులో పెట్టి, ఆన్ చేసినప్పుడు ఎంచుకోనివ్వడం అప్పటికే చేతి కింద పని. దానికి బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాం చాలు. అది ఆ యంత్రంలో లేకపోవడానికి కారణం కంప్యూటర్ తయారీదార్లు మైక్రోసాఫ్ట్‌తో చేసుకునే లైసెన్సు షరతులేనని, 2002 ఫిబ్రవరిలో వేసిన దావాలో బీ సంస్థ ఆరోపించింది. అంతకు మూడేళ్ల ముందు గసే ఒక బేరం పెట్టారు: కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు బీఓఎస్ కంటికి కనబడేలా పెడితే చాలు, తయారీదార్లకు దాన్ని ఉచితంగా ఇస్తామన్నారు. సరుకు ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునేవాళ్లు దొరకలేదు. అమెరికాలో ఏటా లక్షల కంప్యూటర్లు అమ్మే పెద్ద కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల పోటీ అంటే ఏది వేగం, ఏది చవక అన్న పోలికగా మాట్లాడుకోవడం అలవాటు. మూడున్నర దశాబ్దాల కేసులు వరసగా చూస్తే మాత్రం అసలు పోరు వేరే చోట కనబడుతుంది. మీట నొక్కాక వచ్చే మొదటి కొన్ని క్షణాలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే పోరు. నియంత్రణ సంస్థలు ఆ చోటికి చేరకపోలేదు. చేరాయి. కాకపోతే వాళ్లు తలుపు తీయించేసరికి లోపలికి రావాల్సినవాడు బతికి లేడు, లేదా తలుపే ఇంకో గోడకు మారిపోయింది.

గోడ ఎంత ఎత్తు

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నిలదొక్కుకోవడం ఎందుకంత కష్టమో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద నడిపిన కేసులో 1999 నవంబరు 5న జిల్లా న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఇచ్చిన వాస్తవ నిర్ధారణల పత్రం విడమరిచి చెప్పింది. విండోస్ మీద నడిచే ప్రోగ్రాములు 70,000 పైచిలుకు. ఐబీఎం అంతటి సంస్థ డబ్బు కుమ్మరించి పెంచిన ఓఎస్/2 తన మంచి రోజుల్లో కూడా సుమారు 2,500 ప్రోగ్రాములు, 10 శాతం మార్కెట్ దగ్గర ఆగిపోయింది. ప్రోగ్రాములు లేని సిస్టమ్‌ను జనం కొనరు. జనం లేని సిస్టమ్‌కు ప్రోగ్రాములు ఎవరూ రాయరు. ఈ వలయానికి న్యాయమూర్తి పెట్టిన పేరు ‘అప్లికేషన్ల అడ్డుగోడ’.

గోడ వెనక కూర్చున్నవాడికి ధర విషయంలో ఎంత ధీమా ఉంటుందో అదే పత్రంలో ఒక అంకె చూపిస్తుంది. విండోస్ 98 అప్‌గ్రేడ్ ధర ఎంత పెట్టాలన్న దానిపై 1997 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఒక అధ్యయనం చేయించుకుంది. 49 డాలర్లకు అమ్మినా నష్టం వస్తుందనుకోవడానికి ఆధారమేమీ లేదని న్యాయమూర్తి రాశారు. రాబడి అత్యధికంగా వచ్చే ధర 89 డాలర్లని ఆ అధ్యయనం తేల్చింది. కంపెనీ 89కే మొగ్గింది. పక్క కొట్టువాడు ఎంతకు అమ్ముతున్నాడో చూసుకోవాల్సిన అవసరం లేని వ్యాపారి మాత్రమే ఇలా లెక్క వేసుకోగలడు.

గుత్తాధిపత్యం ఉండటం అమెరికా చట్టం దృష్టిలో తప్పు కాదు. 1890 నాటి షెర్మన్ చట్టం పట్టుకునేది ఆ ఆధిపత్యాన్ని నిలబెట్టుకోవడానికి తొక్కిన అడ్డదారులను. అందుకే ఈ కేసులన్నీ విండోస్ మంచిదా చెడ్డదా అన్న మాట ఎత్తకుండా ఒప్పందాల చుట్టూ, ఈమెయిళ్ల చుట్టూ తిరిగాయి.

ప్రాసెసర్ లెక్కన కప్పం

మొదటి అడ్డదారి డాస్ కాలంలోనే, అంటే విండోస్‌కు అడుగున నడిచిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల్లోనే, బయటపడింది. మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ తయారీదార్లకు ‘ప్రాసెసర్ లెక్కన’ లైసెన్సు ఇచ్చేది. అంటే ఫలానా ప్రాసెసర్ ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ రాయల్టీ కట్టాలి, అందులో ఎంఎస్ డాస్ వేసినా వేయకపోయినా. అప్పుడు డిజిటల్ రీసెర్చ్ వాళ్ల డీఆర్ డాస్ గట్టి పోటీగా ఉండేది. 1990లో వచ్చిన దాని 5.0 వెర్షన్‌ను ఎంఎస్ డాస్ కన్నా మేలని మెచ్చుకున్నవాళ్లు చాలామంది. కానీ తయారీదారు లెక్క చూసుకుంటే డీఆర్ డాస్ వేసిన ప్రతి యంత్రం మీదా రెండుసార్లు డబ్బు కట్టాలి, ఒకటి వేసినదానికి, ఇంకొకటి వేయనిదానికి. ఇంత కిరాయి కట్టి మంచి సరుకు ఎవరు పెడతారు?

వ్యాపార పోటీ మీద కన్నేసి ఉంచే అమెరికా సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990లో విచారణ మొదలుపెట్టింది. మూడేళ్లు నడిచాక 1993లో కమిషనర్లు ఇద్దరు అటు, ఇద్దరు ఇటు చీలిపోయి ఏమీ తేల్చలేకపోయారు. న్యాయశాఖ ఆ ఫైలు అందుకుని 1994 జులైలో మైక్రోసాఫ్ట్‌తో రాజీ కుదుర్చుకుంది. ప్రాసెసర్ లెక్కన వసూళ్లు ఆపాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఈ రాజీ చాలా మెతకగా ఉందని న్యాయమూర్తి స్టాన్లీ స్పోర్కిన్ సంతకం పెట్టడానికి నిరాకరించారు. పైకోర్టు ఆయన్ను తప్పుపట్టింది. చివరికి 1995 ఆగస్టు 21న జాక్సన్ దాన్ని ఆమోదించారు. ఆ తేదీ గుర్తుపెట్టుకోదగ్గది. సరిగ్గా మూడు రోజులకు, ఆగస్టు 24న, విండోస్ 95 విడుదలైంది. డాస్ దాని కడుపులోకి వెళ్లిపోయింది. వేరే డాస్ కొనాలా వద్దా అన్న ప్రశ్నే మిగల్లేదు. ఐదేళ్లు చర్చించి నిషేధించిన పద్ధతి, ఇక అవసరం లేని పద్ధతి అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

డీఆర్ డాస్ కథలో ఇంకో చిన్న ముక్క ఉంది. 1991 చివర్లో పరీక్షల కోసం పంచిన విండోస్ 3.1 బీటాను ఎంఎస్ డాస్ కాకుండా వేరే డాస్ మీద నడిపితే అంతుబట్టని దోష సందేశం ఒకటి తెరమీదికి వచ్చేది. నిజానికి అక్కడ దోషమేమీ లేదు. పరాయి డాస్‌ను పసిగట్టే కోడ్ అది. ఎవరూ చదివి అర్థం చేసుకోకుండా దాన్ని గుప్త రూపంలో దాచారు. జెఫ్ చాపెల్ అనే ప్రోగ్రామర్ దాన్ని విప్పి చూపించారు. అమ్మకానికి వచ్చిన విండోస్ 3.1లో కూడా ఆ కోడ్ ఉంది, సందేశం మాత్రం రాకుండా ఆపేశారు. డీఆర్ డాస్ హక్కులు కొనుక్కున్న కాల్డెరా సంస్థ 1996లో దావా వేసింది, 2000 జనవరిలో విచారణ మొదలవకముందే రాజీ కుదిరింది. ఆ రాజీ విలువ 28 కోట్ల డాలర్లని లోకానికి తెలిసింది 2009లో. పరీక్ష కోసం ఇచ్చిన కాపీలో కొన్ని వరుసల కోడ్, మార్కెట్లో ‘డీఆర్ డాస్‌తో పెట్టుకుంటే విండోస్ సరిగా నడవదట’ అన్న అనుమానం నాటడానికి సరిపోయింది. అనుమానానికి రుజువు అక్కర్లేదు కదా.

ప్రత్యర్థే వినియోగదారుడైతే

ఆ ఆగస్టు 24నే ఐబీఎంలో ఇంకో నాటకం నడిచింది. ఐబీఎం ఒక చేత్తో ఓఎస్/2 అమ్ముతోంది, ఇంకో చేత్తో విండోస్ వేసిన కంప్యూటర్లు అమ్ముతోంది. రెండోది లేకపోతే దాని పీసీ వ్యాపారం గడవదు. విండోస్ 95 లైసెన్సు చర్చలను జులైలో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. పాత రాయల్టీ లెక్కల తనిఖీ తేలేదాకా మాటల్లేవంది. ఐబీఎం తన కంప్యూటర్లతో పాటు మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కు పోటీ అయిన లోటస్ స్మార్ట్‌సూట్‌ను ఇవ్వడం మానుకోవాలన్న ఒత్తిడి అప్పటికే ఉంది. చివరికి తనిఖీ గొడవను డబ్బు కట్టి తెంచుకుని, విడుదల వేడుక మొదలవడానికి పదిహేను నిమిషాల ముందు ఐబీఎం లైసెన్సు సంతకం చేయించుకుంది. బళ్లు తెరిచే సీజన్లో మిగతా కంపెనీల కంప్యూటర్లు దుకాణాల్లో విండోస్ 95తో మెరుస్తుంటే, ఐబీఎం యంత్రాలు వెనకబడ్డాయి.

ఐబీఎం అధికారి గ్యారీ నోరిస్ 1999 జూన్‌లో కోర్టు బోనెక్కి ఇదంతా చెప్పారు. మైక్రోసాఫ్ట్‌తో రోజువారీ లావాదేవీలున్న పెద్ద కంప్యూటర్ కంపెనీల నుంచి ఇలా నోరు విప్పినవాళ్లు అరుదు. రేపు మళ్లీ లైసెన్సు కోసం ఎవరి గడప తొక్కాలో వాళ్లకు తెలుసు. యాంటీట్రస్ట్ నిఘాకు, అంటే గుత్తాధిపత్యాన్ని అరికట్టే నిఘాకు, ఇదొక పెద్ద చిక్కు. దెబ్బ తిన్నవాళ్లే ఆధారాలు ఇవ్వాలి, కానీ వాళ్ల బతుకు కొట్టినవాడి చేతిలోనే ఉంటుంది. ఈ వ్యవహారం మీద ఐబీఎంకు 2005లో మైక్రోసాఫ్ట్ 77.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసింది కూడా ఆ సంవత్సరమే.

1998 మే 18న న్యాయశాఖ, ఇరవై రాష్ట్రాలు కలిసి వేసిన ప్రసిద్ధమైన కేసులో ప్రధాన పాత్రలు మాత్రం ప్రత్యర్థి ఆపరేటింగ్ సిస్టమ్‌లు కావు. నెట్‌స్కేప్ బ్రౌజర్, జావా అనే ప్రోగ్రామింగ్ భాష. కారణం సూటిగా ఉంది. బ్రౌజర్ మీదో జావా మీదో ప్రోగ్రాములు రాయడం మొదలైతే అవి ఏ సిస్టమ్ మీదైనా నడుస్తాయి, అప్పుడు అడ్డుగోడ దానంతటదే కూలుతుంది. గోడ పగలగొట్టగల సుత్తిని మైక్రోసాఫ్ట్ విరిచేసిందన్నది ప్రభుత్వ వాదన. తెలుగు నాట ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ పేరు వినబడింది కేసు వల్ల కాదు, కొలువుల వల్ల. హైదరాబాద్‌లో దాని డెవలప్‌మెంట్ సెంటర్ మొదలైంది 1998లోనే.

కోర్టులో ప్రత్యర్థి సిస్టమ్‌ల పేర్లు తెచ్చింది ఎక్కువగా మైక్రోసాఫ్టే. చూడండి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఉంది, బీఓఎస్ ఉంది, పోటీ లేదని ఎలా అంటారు, అన్నది దాని వాదన. మెనూలో చోటివ్వని బీఓఎస్‌కు సాక్షుల జాబితాలో మాత్రం గౌరవ స్థానం దక్కింది. న్యాయమూర్తి దీన్ని నమ్మలేదు. లినక్స్ వాడేవాళ్లు కోటి నుంచి కోటిన్నర దాకా ఉండవచ్చని, వాళ్లలో ఎక్కువమంది సర్వర్ల మీద వాడుతున్నారని, ఇళ్లలో, ఆఫీసుల్లో విండోస్‌కు అది బదులు కాలేదని తేల్చారు. మైక్రోసాఫ్ట్‌ను రెండుగా, ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీ ఒకటి, మిగతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి, చీల్చాలని 2000 జూన్ 7న ఆదేశించారు. 2001 జూన్ 28న అప్పీళ్ల కోర్టు ఏడుగురు న్యాయమూర్తులూ ఏకమై ఆ చీలికను కొట్టేసింది, విలేకరులతో మాట్లాడినందుకు జాక్సన్‌ను కేసు నుంచి తప్పించింది. కానీ అడ్డదారుల్లో గుత్తాధిపత్యం నిలబెట్టుకున్నారన్న తీర్పును మాత్రం కదిలించలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రతి టెక్ కేసూ వెనక్కి తిరిగి చూసేది ఆ తీర్పు వైపే.

ఆలస్యంగా వచ్చిన షరతు

2001 నవంబరు 2న న్యాయశాఖ, మైక్రోసాఫ్ట్ రాజీ ప్రకటించాయి. ఏడాది తర్వాత న్యాయమూర్తి కొలీన్ కొలార్ కొటెలీ దాన్ని కొద్ది మార్పులతో ఆమోదించారు. ఆ తుది తీర్పు చదువుతుంటే బీఓఎస్ కథ తెలిసినవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. విండోస్‌తో పాటు మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్ అమ్మినందుకు ఏ తయారీదారు మీదా మైక్రోసాఫ్ట్ కక్ష సాధించకూడదని ఉంది. మైక్రోసాఫ్ట్‌ది కాని బూట్ లోడర్ ద్వారా వేరే సిస్టమ్‌ను మొదలుపెట్టే అవకాశం వాడేవాళ్లకు ఇవ్వకుండా తయారీదార్లను ఆపకూడదని కూడా ఉంది. అతి పెద్ద ఇరవై మంది తయారీదార్లకు ఒకే రకమైన లైసెన్సు, ఒకే ధరల పట్టిక ఇవ్వాలని ఉంది. గసేకు కావాల్సినవి సరిగ్గా ఇవే. ఆపాటికి బీ సంస్థ ఆస్తులను చేతిలో ఇమిడే కంప్యూటర్లు చేసే పామ్ కంపెనీ 1.1 కోట్ల డాలర్ల విలువైన వాటాలిచ్చి కొనేసింది. దాని దావా 2003లో 2.325 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. సిస్టమ్ పోయింది, వాటాదార్లకు కాస్త డబ్బు వచ్చింది.

తీర్పు అమలును చూడటానికి ముగ్గురు నిపుణులతో సాంకేతిక కమిటీ వేశారు. వాళ్లకు మైక్రోసాఫ్ట్ ప్రాంగణంలోనే చోటు, సోర్స్ కోడ్ చూసే హక్కు ఇచ్చారు. కాగితం మీద ఇదే ఈ తీర్పులో అన్నిటికన్నా ముందుచూపున్న ఏర్పాటు. మామూలుగా నియంత్రణ సంస్థ ఉత్తరాలు రాసి జవాబులకు ఎదురుచూస్తుంది. ఇక్కడ తనిఖీదారు ఇంట్లోనే ఉన్నాడు. ఆ కమిటీ కాలమంతా ఎక్కువగా తినేసిన పని మాత్రం ఎవరూ ఊహించనిది. విండోస్ డెస్క్‌టాప్, విండోస్ సర్వర్ తమలో తాము మాట్లాడుకునే పద్ధతులను, అంటే ప్రోటోకాళ్లను, వేరే కంపెనీలు వాడుకునేలా రాసి ఇవ్వాలని తీర్పు చెప్పింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పత్రాల్లో తప్పులు, ఖాళీలు. దిద్దినకొద్దీ కొత్తవి బయటపడ్డాయి. 2007తో ముగియాల్సిన నిఘాలో కొంత భాగాన్ని 2009 నవంబరు దాకా, మళ్లీ 2011 మే దాకా పొడిగించాల్సి వచ్చింది. దుర్బుద్ధితోనే ఇలా జరిగిందనుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా కోడ్‌లో పేరుకుపోయినదాన్ని కాగితం మీదికి ఎక్కించడం అది రాసినవాళ్లకే చేతకాకపోవచ్చు. కానీ ఆ ఆలస్యం వల్ల లాభపడింది ఎవరో చెప్పనవసరం లేదు.

సాంబా చేతికి చిక్కిన పత్రాలు

ఇదే ప్రోటోకాళ్ల విషయంలో యూరప్ ఇంకా మొండిగా పట్టుకుంది. 1998 డిసెంబరులో సర్వర్లు తయారుచేసే సన్ మైక్రోసిస్టమ్స్ ఇచ్చిన ఫిర్యాదుతో అది మొదలైంది. ఆఫీసుల్లో ఫైళ్లు, ప్రింటర్లు, పాస్‌వర్డులు చూసుకునే సర్వర్ల మార్కెట్ అక్కడి ప్రశ్న. డెస్క్‌టాప్‌లన్నీ విండోసే అయినప్పుడు, వాటితో సాఫీగా మాట్లాడలేని సర్వర్‌ను ఏ ఆఫీసూ కొనదు. కాబట్టి మాట్లాడే పద్ధతిని దాచిపెడితే చాలు, సర్వర్ మార్కెట్ కూడా ఒళ్లో వచ్చి పడుతుంది. 2004 మార్చి 24న యూరోపియన్ కమిషన్ 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ఆ సమాచారం పోటీదార్లకు ఇవ్వాలంది. విండోస్ మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలంది.

రెండో షరతు నవ్వులపాలైంది. ప్లేయర్ తీసేసిన విండోస్ ఎక్స్‌పీ ఎన్ అదే ధరకు వచ్చింది. అదే డబ్బుకు తక్కువ సరుకు ఎవరు కొంటారు? కొనలేదు.

మొదటి షరతు మాత్రం పళ్లు బిగించి నడిచింది. మైక్రోసాఫ్ట్ సమాచారం ఇస్తానంది కానీ అమ్మకాల మీద శాతం లెక్కన రాయల్టీ అడిగింది. ఇక్కడే సాంబా అనే ప్రాజెక్టు సంగతి తెలియాలి. లినక్స్ యంత్రం విండోస్ నెట్‌వర్క్‌లో ఫైల్ సర్వర్‌గా పనిచేయడానికి వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టారు. పత్రాలు లేకుండానే, తీగల మీద పోయే డేటాను గమనిస్తూ, ఈ ప్రశ్నకు ఆ జవాబు వస్తోందంటే దాని అర్థం ఏమై ఉంటుందని ఊహిస్తూ, ఏళ్ల తరబడి మైక్రోసాఫ్ట్ పద్ధతులను పట్టుకున్నారు. అమ్మని సరుకు మీద శాతం ఎలా కడతారు? ఉచితంగా పంచే సాఫ్ట్‌వేర్‌కు కాపీకింత రాయల్టీ అంటే తలుపు మూసినట్టే లెక్క. 2006 జులైలో 28.05 కోట్ల యూరోల జరిమానా పడింది. 2007 సెప్టెంబరు 17న యూరప్ న్యాయస్థానం కమిషన్ పక్షాన నిలిచింది. ఆ తర్వాత నెలే మైక్రోసాఫ్ట్ దిగొచ్చి, ఒకసారి 10,000 యూరోలు కడితే చాలంది. డిసెంబరు 20న సాంబా తరఫున ఒక లాభాపేక్ష లేని సంస్థ ఆ 10,000 కట్టి పత్రాలు తీసుకుంది. అంతకుముందు అడిగిన ధరలు అన్యాయమైనవంటూ 2008లో కమిషన్ 89.9 కోట్ల యూరోలు మళ్లీ వడ్డించింది. తర్వాత కోర్టు దాన్ని 86 కోట్లకు తగ్గించింది.

ఈ మొత్తం చరిత్రలో ఒక ప్రత్యర్థి చేతికి పనికొచ్చే వస్తువు నేరుగా అందింది ఈ ఒక్క సందర్భంలోనే అనవచ్చు. మిగతా ఆదేశాలన్నీ తయారీదారు ధైర్యం చేస్తేనో, కొనేవాడు మారితేనో ఫలిస్తాయి. సాంబాకు ఎవరి ధైర్యంతోనూ పని పడలేదు. పత్రం ఉంది, రాసుకున్నారు. ఇవాళ ఆఫీసుల్లో, ఇళ్లలో వాడే చాలా నెట్‌వర్క్ డిస్కు పెట్టెల్లో లోపల నడిచేది లినక్స్, సాంబాలే.

జరిమానాలు కోట్లలో ఉన్నా కాపలా ఎంత పలచనో 2011లో తేలింది. విండోస్‌లో ఏ బ్రౌజర్ కావాలో ఎంచుకునే తెర చూపిస్తానని మైక్రోసాఫ్ట్ 2009 డిసెంబరులో యూరప్‌కు మాట ఇచ్చింది. విండోస్ 7 మొదటి సర్వీస్ ప్యాక్‌తో ఆ తెర మాయమైంది. ఏడాదికి పైగా కోటిన్నర మందికి అది కనబడలేదు. సాంకేతిక పొరపాటని కంపెనీ చెప్పుకుంది. 2013 మార్చిలో 56.1 కోట్ల యూరోలు కట్టింది. అన్ని నెలలు కమిషన్‌కు ఆ సంగతే తెలియలేదు, ఎందుకంటే అమలు ఎలా ఉందో నివేదించే పని మైక్రోసాఫ్ట్‌కే అప్పగించారు.

సంతకం ఉన్నవాడికే ప్రవేశం

అమెరికా నిఘా 2011 మే 12తో ముగిసింది. నాలుగు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరులో, బూట్ గొడవ మళ్లీ లేచింది. ఈసారి ఒప్పందం రూపంలో కాదు, తాళం రూపంలో. రాబోయే విండోస్ 8 ముద్ర కావాలంటే కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ ఉండాలని మైక్రోసాఫ్ట్ అంది. నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామే యంత్రాన్ని మొదలుపెట్టగలదు. సంతకాన్ని సరిచూసే కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో, అంటే యంత్రంలోనే ఇమిడి ఉండే మూల ప్రోగ్రాంలో, ఉంటుంది. ఆ కీ దాదాపు అన్ని యంత్రాల్లోనూ ఉండేది ఎవరిదయ్యా అంటే మైక్రోసాఫ్ట్‌ది. అప్పట్లో లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌లో పనిచేస్తున్న మాథ్యూ గారెట్ దీని పర్యవసానాన్ని బహిరంగంగా లేవనెత్తారు.

భద్రత కోసమన్న కారణం బూటకం కాదు. సిస్టమ్ మొదలవకముందే చొరబడే వైరస్‌లు నిజంగానే ఉన్నాయి. అందుకే ఈ తాళాన్ని పట్టుకుని కేసు వేయడం ప్రాసెసర్ లెక్కన రాయల్టీని పట్టుకున్నంత తేలిక కాదు. గొడవ తర్వాత మామూలు పీసీల్లో దీన్ని ఆపే వీలు తప్పనిసరిగా ఇవ్వాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది, ఫోన్లలో, ట్యాబ్లెట్లలో ఎక్కువగా వాడే ఏఆర్ఎం చిప్‌ల యంత్రాల్లో మాత్రం ఆ వీలు ఉండకూడదంది. విండోస్ 10కు వచ్చేసరికి పీసీల్లోనూ దాన్ని తయారీదార్ల ఇష్టానికి వదిలేసింది. స్పెయిన్‌కు చెందిన లినక్స్ వాడకందార్ల సంఘం హిస్పాలినక్స్ 2013లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. అది పెద్ద కేసుగా ఎదగలేదు. లినక్స్ వాళ్లు చివరికి చేసిన పని ఏమిటంటే, ‘షిమ్’ అనే చిన్న ప్రోగ్రాం రాసి, దాని మీద మైక్రోసాఫ్ట్ చేతే సంతకం చేయించుకున్నారు. ప్రత్యర్థి తన యంత్రం మొదలవడానికి ఆధిపత్య సంస్థ సంతకం తెచ్చుకోవడం రోజువారీ వ్యవహారమైపోయింది. ఆ సంతకాలు ఇప్పటిదాకా సజావుగానే దొరుకుతున్నాయి. అది హక్కుగా దొరుకుతోందా, దయగా దొరుకుతోందా అన్నది ఏ కోర్టూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక మైక్రోసాఫ్ట్ లినక్స్‌ను ప్రేమిస్తున్నానంది, 2016లో లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. క్లౌడ్‌లో డబ్బు వచ్చేది లినక్స్ నడిపితేనే కాబట్టి ఆ ప్రేమలో లెక్క ఉంది. ఆయనే 2023 అక్టోబరు 2న వాషింగ్టన్‌లో, అదే న్యాయశాఖ గూగుల్ మీద నడుపుతున్న కేసులో సాక్షిగా కూర్చున్నారు. ఫోనులో ముందే పెట్టి ఇచ్చిన సెర్చ్ ఇంజన్‌ను జనం మార్చుకోరని, ఎంపిక ఉందన్న మాట ఉత్తదని చెప్పారు. పాతికేళ్ల కిందట అవతలి బల్ల దగ్గర కూర్చున్న కంపెనీ కన్నా ఈ విషయం బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు?

ఫోన్లకు మారిన పోరు

ఆండ్రాయిడ్ దగ్గర మెలిక ఏమిటంటే దాని మూల కోడ్ అందరికీ ఉచితం. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కానీ ప్లే స్టోర్ కావాలంటే గూగుల్‌తో ఇంకో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చేది. ఆ ఒప్పందం ప్రకారం మార్చిన ఆండ్రాయిడ్‌తో ఒక్క మోడల్ కూడా అమ్మకూడదని ఉండేది. ఒక్క మోడల్ అమ్మితే మొత్తం వరుసకు ప్లే స్టోర్ పోయేది. ప్రాసెసర్ లెక్కన కప్పం కట్టించుకున్న పాత పద్ధతి కన్నా ఇది పదునైనది. అక్కడ ప్రత్యర్థిని పెడితే అదనంగా డబ్బు పోయేది, ఇక్కడ వ్యాపారమే పోయేది. యూరప్ 2018 జులైలో దీనికి 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022 సెప్టెంబరులో జనరల్ కోర్టు దాన్ని 412.5 కోట్లకు తగ్గించి తప్పును మాత్రం ఖాయం చేసింది.

భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, మార్చిన ఆండ్రాయిడ్ అమ్మకుండా తయారీదార్లను కట్టేయొద్దని ఆదేశించింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. మార్చి 29న కంపెనీ లా అప్పీలేట్ ట్రైబ్యునల్ జరిమానాను నిలబెట్టి, నాలుగు ఆదేశాలను కొట్టేసింది. ప్లే స్టోర్‌లోనే ఇతర యాప్ స్టోర్లకు చోటివ్వాలన్నది, ముందే వేసిన గూగుల్ యాప్‌లను తీసేసే వీలుండాలన్నది ఆ పోయినవాటిలో ఉన్నాయి. మార్చిన ఆండ్రాయిడ్ గురించిన ఆదేశం నిలిచింది. అంటే చట్టం దృష్టిలో మన దేశంలో దారి తెరిచే ఉంది.

ఆ దారిలో నడవబోయేవాళ్లకు తగిలే గోడ ఇప్పుడు ఇంకా పైఅంతస్తులో ఉంది. ఐఐటీ మద్రాస్ అండతో 2023లో వార్తల్లోకెక్కిన భారోస్ లాంటి సిస్టమ్‌ను ఫోనులో వేయవచ్చు. అది బూట్ అవుతుంది, మాట్లాడుకోవచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. కానీ చాలా బ్యాంకు యాప్‌లు, చెల్లింపుల యాప్‌లు తెరుచుకునే ముందు ఈ ఫోను గూగుల్ ధ్రువీకరించినదేనా అని గూగుల్ సర్వర్‌నే అడుగుతాయి. కాదంటే యాప్ మొరాయిస్తుంది. కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతోనే డబ్బు కట్టే ఊళ్లో, చెల్లింపు చేయలేని ఫోను ఎవరి జేబులోకి వెళుతుంది? ఈ తనిఖీ పెట్టాలని బ్యాంకులను గూగుల్ బలవంతపెట్టడం లేదు. మోసాల భయంతో బ్యాంకులే కోరి పెట్టుకుంటున్నాయి. పాత కేసుల్లో వెతికి పట్టుకున్న ఒప్పందం ఇక్కడ లేదు, కక్ష సాధింపు ఈమెయిల్ లేదు. తప్పు ఎవరిదని రాయాలో తేల్చుకోలేని చోట యాంటీట్రస్ట్ అధికారి కలం ఆగిపోతుంది.

2025 ఏప్రిల్‌లో స్మార్ట్ టీవీల ఆండ్రాయిడ్ కేసును గూగుల్ 20.24 కోట్ల రూపాయలు కట్టి కమిషన్‌తో పరిష్కరించుకుంది. 2023లో చట్టానికి చేసిన సవరణ తర్వాత ఈ పద్ధతిలో కుదిరిన మొదటి పరిష్కారం ఇదే. ప్లే స్టోర్, ప్లే సేవలను టీవీ తయారీదార్లకు విడిగా లైసెన్సు ఇస్తామని, గూగుల్ ధ్రువీకరణ లేని ఆండ్రాయిడ్ టీవీలు అమ్మినా అడ్డుపడబోమని మాట ఇచ్చింది. అవి టీవీలకు సంబంధించిన హామీలు. ఫోనులో బ్యాంకు యాప్ అడిగే ప్రశ్న వాటి పరిధిలోకి రాదు.